పొద్దున్న వచ్చిందాన్ని ఆపకు బావా

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో గొంతు తగ్గించి ఆ మాట చెప్పావు చూడు, అప్పట్నుంచీ మనసంతా నీమీదే ఉంది. విరేచనం నాలుగు రోజులకోసారి, అదీ ముక్కి ముక్కి. ఏడాదిగా ఎవరికీ చెప్పుకోలేదన్నావు. నాకు చెప్పడానికి సిగ్గేంట్రా? ఒకే కాలవ గట్టున పెరిగాం. ఆ రోజు మీ ఇంట్లో చుట్టాలున్నారని నేనూ ఎక్కువ మాట్లాడలేదు. ఇక్కడ దాళ్వా నారుమడి పని ఇవాళే కాస్త తెరిపిచ్చింది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

రోజూ అయితీరాలన్న రూలేమీ లేదు. రెండు రోజులకోసారైనా మెత్తగా, సాఫీగా అయిపోతే చాలు. వారానికి మూడుసార్ల కంటే తక్కువైనా, గట్టిగా ఉండలుండలుగా వస్తున్నా మలబద్ధకం అంటారు. నీది అదే.

నువ్వు చెప్పినవాటిలో నన్ను పట్టుకున్న మాట ఒకటుంది. "కాఫీ తాగగానే వచ్చినట్టే ఉంటుంది, కానీ ఆఫీసు బస్సు వచ్చేస్తుంది" అన్నావు. అక్కడే ఉందిరా అసలు సంగతంతా. కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు కదులుతుంది, పొద్దున్న పూట ఆ కదలిక మరీ బలంగా ఉంటుంది. ఆపేశావనుకో, లోపల ఉన్నకొద్దీ పేగు అందులో నీరంతా పీల్చేసి రాయిలా చేస్తుంది. రోజూ ఆపుతూ పోతే వచ్చినట్టు అనిపించడమే తగ్గిపోతుంది. అరగంట ముందు లే. కాఫీ అయ్యాక ఫోన్ బయటే వదిలేసి వెళ్ళి కూర్చో. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చెయ్, బలవంతంగా ముక్కకు. మొలలు ఎక్కువగా వచ్చేది ఆ ముక్కుడుకే.

కూర్చునే తీరు కూడా చూసుకో. ఊళ్ళో మనకి గొంతుక్కూర్చోవడం అలవాటు. అలా కూర్చుంటే మలద్వారం దగ్గర పేగుని వంచి పట్టి ఉంచే కండరం వదులై దారి తిన్నగా అవుతుంది. కమోడ్ మీద కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే ఆ వంపు పూర్తిగా పోదు. అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక కమోడ్ పెట్టించాం కదా, డాక్టర్ని అడిగి దాని ముందు జానెడు ఎత్తు పీట వేశాను. జారకుండా పీట అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు కొట్టాను, పట్టుకోడానికి గోడకి ఇనుప కమ్మీ బిగించాను. పాదాలు పీటమీద పెట్టి కాస్త ముందుకి వంగి కూర్చుంటుంది. నువ్వూ ఒక పీట కొనుక్కో.

అమ్మ విషయంలో నేనొక తప్పు చేశాను, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధే. నాలుగు నెలలపాటు వయసు వల్లే అనుకుని రాత్రిళ్ళు విరేచనానికని సునాముఖి పొడి ఇస్తూ పోయాను. చివరికి డాక్టరు గారు మందుల సంచీ మొత్తం బల్ల మీద బోర్లించమన్నారు. రక్తం తక్కువని వాడుతున్న ఐరన్ మాత్రలు, ఎముకలకని కాల్షియం, రెండూ గట్టిపరిచేవేనట. ఆయన వేరే రకం మార్చి రాశారు, పది రోజుల్లో తేడా తెలిసింది. నువ్వు కూడా ఏమేం మింగుతున్నావో ఓ కాగితం మీద రాసి డాక్టరుకి చూపించు. నీ అంతట నువ్వు మాత్రం ఏదీ మానెయ్యకు.

ఇక తిండి. మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీ, మైదా బిస్కెట్లూ అంటే పేగుకి పని చెప్పే పీచు ఎక్కడిది? మనిషికి రోజుకి 25, 30 గ్రాములు కావాలంటారు. మనూళ్ళో పెరటి తిండే మందురా! నిన్న మా ఆవిడ అరటిదూట తరిగింది. చక్రాలుగా కోస్తుంటే సాలెగూడులా దారాలు సాగుతాయి చూడు, వాటిని చూపుడువేలికి చుట్టి చుట్టి తీస్తూ, ముక్కలు నల్లబడకుండా పల్చటి మజ్జిగలో వేసింది. పెసరపప్పేసి ఆవ పెట్టింది. నీకిష్టమని నిన్నే తల్చుకున్నాం. అక్కడ దూట దొరక్కపోతే తోటకూర, బచ్చలి, చిక్కుడు, గింజలతో సహా జామకాయ, ఏదైనా సరే. అన్నం ఒక ముద్ద తగ్గించి కూర రెండు గరిటెలు పెంచు. ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది, వారం పది రోజుల్లో మెల్లగా పెంచుకో. నీళ్ళు కూడా తాగాలి. ఏసీలో దాహం తెలీదు కాబట్టి సీసా బల్లమీదే పెట్టుకో. పీచు కోసం ఇసబ్‌గోల్ పొట్టు వేసుకుంటే మాత్రం నిండు గ్లాసు నీళ్ళతోనే. నీళ్ళు చాలకపోతే అది లోపల ఉబ్బి అడ్డుపడుతుంది. రాత్రి అన్నం తిన్నాక ఓ అరగంట నడువు.

ఇంకొకటి, కాస్త గట్టిగానే చెబుతున్నాను. రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, కడుపునొప్పితో వాంతులైనా, గాలి కూడా పోకపోయినా ఈ చిట్కాలతో కూర్చోకు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు. యాభై దాటాం, ఇన్నేళ్ళ అలవాటు మారిందంటే ఒకసారి పరీక్ష చేయించుకోవడమే మంచిది. థైరాయిడ్ తక్కువైనా, షుగర్ ఉన్నా ఇలా అవుతుందట. వచ్చే వారం వెళ్ళి చూపించుకో, నాకు ఫోన్ చెయ్యి.

ఎల్లుండి మనూరి బస్సులో ఓ సంచీ వేస్తున్నాను. జామకాయలు, రెండు కట్టల తేగలు. తేగలు కుంపట్లో కాల్చినవే, బాగా నమిలి తిను. తేగ చీలిస్తే మధ్యలో వచ్చే చందమామ మాత్రం పిల్లలకి పెట్టు.

నీ
బావ