షుగర్ లెక్క గరిటెతో తేలదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో షుగర్ మీద వచ్చే సలహాల్లో ఒక మాట తరచుగా కనిపిస్తుంది. అన్నం మానేసి చపాతీ తినండి, లేదంటే రాగులకు (మన చోళ్లకు) మారండి అని. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ సలహా రెండు రకాలుగా బెడిసికొడుతోంది. కొందరు అన్నం మానలేక సలహానే మానేస్తున్నారు. ఇంకొందరు అన్నం అన్నంగానే ఉంచి, పైన అంబలి మొదలుపెట్టి, 'చోళ్లు తాగుతున్నా తగ్గదేం' అని మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్తున్నారు. చేతికిచ్చే ఆహారపట్టీ చూస్తే ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. అందులో రోటీలు, దలియా ఉంటాయి. మన పొయ్యి మీద ఉండేవి వేరు.

భోజనం తర్వాత రక్తంలో చక్కెరను పైకి తోసేది ప్రధానంగా కార్బోహైడ్రేట్, అంటే పిండి పదార్థం. అది ఏ గింజదన్నది కొంత తేడా చూపిస్తుంది, పూటకు ఎన్ని గ్రాములు లోపలికి పోయిందన్నది అంతకంటే చాలా ఎక్కువ తేడా చూపిస్తుంది. వండని బియ్యం 100 గ్రాముల్లో పిండి పదార్థం సుమారు 78 గ్రాములు. చోళ్లలో 67, సామల్లో (ఇక్కడి సంతల్లో సువాన్ అంటారు) 66, గోధుమ పిండిలో 64. అటుకులు, మరమరాలు బియ్యంతో సమానమే, 77 దగ్గర. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలు మూడు తింటే 58 గ్రాములు. 75 గ్రాముల బియ్యం వండుకు తిన్నా అంతే. అన్నం మానేశానన్న తృప్తి తప్ప అక్కడ పెద్దగా మిగిలేది ఏమీ లేదు.

పెద్ద శారీరక శ్రమ లేని మనిషికి రోజుకు 1600 క్యాలరీలు అనుకుందాం. అందులో సగం పిండి పదార్థాల నుంచి రావాలంటే 200 గ్రాములు. సగమే ఎందుకంటే, 2022లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ (దేశవ్యాప్త షుగర్ సర్వే) విశ్లేషణ 18,090 మంది పెద్దల తిండిని లెక్కగట్టి, కొత్తగా షుగర్ బయటపడినవాళ్లు మామూలు స్థితికి తిరిగి రావాలంటే ఈ వాటా 49–54 శాతానికి దిగాలని చెప్పింది. మన ఇళ్లలో అది అరవైకి పైనే ఉంటుంది. రేషన్ కార్డు మీద తలకు నెలకు 5 కిలోల బియ్యం వస్తుంది కదా, రోజుకు 166 గ్రాములు పడుతుంది. అందులో పిండి పదార్థం 130 గ్రాములు. మిగతా 70 పప్పు, కూర, పాలు, ఒక పండుకు వదిలితే సరిగ్గా 200. షుగర్ ఉన్న మనిషికి కార్డు మీద వచ్చే బియ్యమే సరిపోతుందన్నమాట! బజారు బియ్యం కూడా కలిపి రోజుకు 400 గ్రాములు వండుకుంటే ఒక్క అన్నంలోనే 312 గ్రాములు పోతుంది. డిపోలో ఇచ్చే ఉసునా (మన ఉప్పుడు బియ్యం) పచ్చి బియ్యం కంటే కాస్త నిదానంగా అరుగుతుంది. దాన్ని అమ్మేసి సన్నబియ్యం కొనుక్కోవడం షుగర్ వాళ్లకు నష్టపు బేరం.

ఇక కొలత. 'రెండు గరిటెలు తినండి' అని రాయడం సులువు, కానీ ఏ గరిటె? అన్నం ఎంత మెత్తగా ఉంది? ఇంట్లో ఒక్కసారి ఈ పని చేస్తే చాలు. ఖాళీ గిన్నె బరువు చూసి రాసుకోండి. 300 గ్రాముల బియ్యం తూచి ఎప్పటిలాగే వండండి. గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. అన్నం 840 గ్రాములు వచ్చిందనుకుంటే, 300 గ్రాముల బియ్యంలోని 234 గ్రాముల పిండి పదార్థం ఆ 840లో పరుచుకుంది, అంటే 100 గ్రాముల అన్నానికి 28. అదే బియ్యాన్ని నీళ్లెక్కువ పోసి మెత్తగా వండితే కిలో అన్నం అవుతుంది, అప్పుడు 100కి 23. ఒకే గరిటె ఒక ఇంట్లో ఎక్కువ, పక్కింట్లో తక్కువ పెట్టేది ఇందుకే. తర్వాత ఒక చిన్న స్టీలు గిన్నెను ఎంచుకుని, నొక్కకుండా అంచుల దాకా నింపి తూచండి. అది 120 గ్రాములైతే మొదటి లెక్కన ఒక గిన్నెకు 33–34 గ్రాములు. ఇకనుంచి తూకం అక్కర్లేదు, ఆ గిన్నె ఒక్కటే కొలమానం. గంజి వార్చినంత మాత్రాన లెక్క మారిపోదు. వార్పులో పోయే పిండి కొద్దిగానే, మెతుకులో ఉన్నది మెతుకులోనే ఉంటుంది.

మధ్యాహ్నానికి పిండి పదార్థం 60 గ్రాములు పెట్టుకుంటే బియ్యం 50 గ్రాములు (39), కందిపప్పు 30 గ్రాములు (16–17), ఆకుకూర, బెండ, వంకాయ, బొప్పాయికాయ లాంటివి రెండు రకాలు (5 వరకు). ఉడికాక అన్నం 140 గ్రాములే. కంచంలో చూడగానే 'ఇంతేనా' అంటారు. ఆ ఖాళీని కూరతో, గుడ్డుతో, చేపతో నింపాలి గానీ ఊరికే వదిలేస్తే మూడు గంటలకల్లా మరమరాల డబ్బా మూత తెరుచుకుంటుంది. పప్పు, కూరగాయలు కలిపి వండే దాల్మా మంచి వంట. కాకపోతే అందులో ఆలు, కంద, చేమ, పచ్చి అరటికాయ అన్నీ వేసి, దాన్ని కూర ఖాతాలో రాస్తారు. ఈ నాలుగూ అన్నం ఖాతాలోవి. మునగ, చిక్కుడు, బొప్పాయికాయ, గుమ్మడి ఎక్కువ వేసి దుంపలు ఒకటికి తగ్గిస్తే దాల్మా రుచి ఏమీ చెడదు. ఎండుచేపల్లో మాంసకృత్తులు బాగా ఉంటాయి, ఉప్పు కూడా అంతే ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు కడిగి, తక్కువగా వాడుకోవాలి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు పప్పు, గుడ్లు, చేప పెంచే ముందు డాక్టరును అడగాలి.

ఈ ప్రాంతంలో వేసవి వస్తే చద్దన్నం, అదే ఒడియావాళ్ల పఖాళ, లేని ఇల్లు ఉండదు. 'పులిసిన అన్నంలో షుగర్ పోతుంది' అన్న నమ్మకం ఇక్కడ గట్టిగా ఉంది. అందులో పిసరంత నిజం ఉంది. వండి చల్లార్చిన అన్నంలో పిండి కొంత అరగని రకంగా మారుతుంది, పులుపు కూడా అరుగుదలను కాస్త నెమ్మది చేస్తుంది. మారేది మాత్రం చిన్న వాటాయే. అసలు చిక్కు గిన్నెలో ఉంది. పైన నాలుగు వేళ్ల మందాన తొరాణి (పులిసిన అన్నం నీళ్లు) తేరుకుని ఉంటుంది, అడుగున అన్నం ఉబ్బి కూర్చుని ఉంటుంది. చూస్తే నీళ్లే, తింటే రెండున్నర గిన్నెల అన్నం. పక్కన ఆలూ చకటా (ఉడికించి మెదిపిన ఆలు), దాని మీద ఆవనూనె, పచ్చిమిరపకాయ. దుంప ఇక్కడ కూరగా చెల్లదు. రాత్రి నీళ్లు పోయకముందే మీ వంతు అన్నం కొలిచి వేరే గిన్నెలో పెట్టుకోండి, ఆలూ బదులు వేయించిన ఆకుకూరో చేపో పెట్టుకోండి. తొరాణి ఎంత తాగినా ఇబ్బంది లేదు, ఉప్పు వేసుకోకపోతే.

అంబలి సంగతి వేరు. చోళ్లలో 100 గ్రాములకు పీచు 11 గ్రాములు (తెల్ల బియ్యంలో 3 కూడా ఉండదు), కాల్షియం 360 మిల్లీగ్రాముల పైన. ఒడిశాలో మిల్లెట్ మిషన్ 2017లో మొదలయ్యాక చోళ్లకు గౌరవం పెరిగింది, సంతోషమే. అయితే మెత్తగా మర పట్టించిన పిండి, పలచగా కాచిన జావ, నమలకుండా చెంబుతో గటగటా తాగడం, ఈ మూడూ కలిస్తే చక్కెర వేగంగానే ఎక్కుతుంది. నూకలు వేసి కాస్తే అది సగం అన్నమే. 20 గ్రాముల బెల్లం ముక్క కలిపితే ఇంకో 17 గ్రాములు చేరాయి. షుగర్‌కు బెల్లం మంచిదన్న మాట ఎవరు పుట్టించారో గానీ 100 గ్రాముల బెల్లంలో 85 గ్రాములు చక్కెరే. 40 గ్రాముల పిండి (27 గ్రాములు), బెల్లం లేకుండా మజ్జిగతో, పక్కన శనగల గుగ్గిళ్లో గుడ్డో, ఇది ఉదయానికి సరిపోయే కొలత. ముద్దగా కట్టి ఆకుకూరతో తింటే జావ కంటే మేలు. సామలు గింజగానే ఉడుకుతాయి కాబట్టి పిండి కంటే నిదానం. ఏది తిన్నా అన్నం స్థానంలో తినాలి, అన్నం మీద కాదు.

చిల్లర తిళ్ల లెక్క ఎవరూ వేయరు. రెండేసి చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు టీలు తాగితే 32–40 గ్రాములు, ఒక గిన్నె అన్నానికి సాటి. సాయంత్రం ఒక పెద్ద గిన్నె మరమరాలు, 50 గ్రాములు, అంటే 39. బదులుగా ఘుగునీ (ఎండు బఠానీల కూర) ఒక చిన్న గిన్నె తింటే పీచు, మాంసకృత్తులు రెండూ దక్కుతాయి.

తినే వరుస కూడా పనిచేస్తుంది. ముందు కూర, పప్పు, గుడ్డు, ఆఖరున అన్నం. అదే భోజనానికి, అదే కొలతకు, చక్కెర ఎక్కే ఎత్తు తగ్గుతుంది. తిన్నాక పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకొంచెం.

ఇప్పుడు పత్రికలు ఎక్కువగా వదిలేసే విషయం. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మీ పేజీ చదివి రేపటి నుంచి అన్నం సగం చేస్తే, మందు మాత్రం పాత అన్నానికి తగ్గట్టే పనిచేస్తూ ఉంటుంది, చక్కెర పడిపోతుంది. ముందు డాక్టరుకు చెప్పాలి. తర్వాత పిండి పదార్థం పూటకు 10–15 గ్రాముల చొప్పున, వారానికో మెట్టు దిగుతూ, పరీక్ష చేసుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు (చక్కెరను మూత్రంలోకి పంపేది) వాడుతూ అన్నం పూర్తిగా మానినా, కార్తీక ఉపవాసాలు కటికగా చేసినా, రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఇంట్లో రక్తం చుక్కతో చూసుకునే మీటరులో చక్కెర పెద్దగా కనిపించకపోవచ్చు, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. గర్భిణులకు పిండి పదార్థం రోజుకు 175 గ్రాములకు తగ్గకూడదు. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకానిది) ఉన్న పిల్లలకు అన్నం కోయడం కాదు, అన్నానికి తగ్గ ఇన్సులిన్ సరిచూడడమే వైద్యం.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మొదలై మీటరు 70 లోపు చూపిస్తే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి (15 గ్రాములు) నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా 70 దాటకపోతే అంతే మళ్లీ. దాటాక కాస్త అన్నమో అటుకులో పెట్టాలి. చాక్లెట్, రసగుల్లా ఆ క్షణానికి పనికిరావు, కొవ్వు, విరిగిన పాలు కలిసినవి నెమ్మదిగా అందుతాయి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవాళ్లకు పంచదార కూడా త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు.

మీటరు ఉన్నవాళ్లు పొద్దుటి పరగడుపు అంకె ఒక్కటే చూసి రాత్రి అన్నాన్ని తిడుతుంటారు. పరగడుపు చక్కెరలో కాలేయం రాత్రంతా విడుదల చేసేదే ఎక్కువ. అన్నం కొలత సరిపోయిందో లేదో తెలియాలంటే తినేముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి చూడాలి. అదే భోజనం మూడు రోజులు చేసి మూడు జతలు రాసుకోండి. చాలామందికి రెండు గంటల అంకె 180 దాటకూడదు. దాటుతుంటే గిన్నెలో పావు వంతు తీసేసి మళ్లీ మూడు రోజులు. మామిడిపండో పనసతొనో ఒలిచిన చేత్తో సూది గుచ్చితే లేని చక్కెర కనిపిస్తుంది, సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. బరంపురం లాంటి తీరపు తేమలో స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే స్ట్రిప్పులు పాడవుతాయి.

కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల పాఠకులకు ఇంకొక్కటి ప్రత్యేకంగా వేయండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణం మామూలు ఆయుష్షు బతుకుతుందన్న లెక్క మీద నడుస్తుంది. సికిల్ సెల్ జబ్బు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాన్ని కాపాడే ఎంజైమ్) లోపం, ఈమధ్యే తగ్గిన మలేరియా ఉన్నవాళ్లలో కణాలు ముందే చిట్లిపోతాయి, అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. ఇనుము లోపించిన రక్తహీనతలో ఎక్కువ వస్తుంది. ఇలాంటివాళ్లు 6.2 చూసి నిశ్చింతగా ఉండకుండా మీటరు జతల పుస్తకాన్ని డాక్టరు ముందు పెట్టాలి.

వీలైతే 100 గ్రాముల వండిన అన్నం, ఒక ఇడ్లీ, ఒక చెంబు అంబలి, ఒక గిన్నె దాల్మాకు పిండి పదార్థం ఎంతో తెలుగులో చిన్న పట్టికగా సరిహద్దు జిల్లాలకు వచ్చే ప్రతుల్లో అచ్చు వేయండి. కత్తిరించి వంటింటి తలుపుకు అంటించుకునే సైజులో వేస్తే ఇంకా బాగుంటుంది.

ఇట్లు,
ఆహార సలహా విభాగంలో పనిచేసే కొందరు పాఠకులు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా