వంట శిక్షణ నడుస్తున్న వంటశాలలోనే జరగాలి

సంపాదకుడు గారికి,

చదువు మధ్యలో ఆగినవారు, ఒంటరి మహిళలు, వినికిడి లేనివారు, జైలు శిక్ష ముగించుకుని వచ్చినవారు ఉద్యోగానికి వెళితే చాలాచోట్ల దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. వంటశాలలో అలా కాదు, కాగితం కన్నా చేతిపనికి విలువ ఎక్కువ. ప్రభుత్వాలకూ ఈ సంగతి తెలుసు. కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో మొదలుపెట్టిన ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ కింద యువతకు వంట, వడ్డన ఉచితంగా నేర్పారు. 2014లో వచ్చిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో వయోపరిమితి 35 ఏళ్లయినా, మహిళలకూ దివ్యాంగులకూ 45 దాకా సడలించారు. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలన్న షరతూ పెట్టారు.

పథకాలు ఉన్నాయి, డబ్బూ ఉంది. లోపమంతా నేర్పే చోటులో ఉంది. ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి, దాని చుట్టూ ఇరవై ముప్పై మంది నిలబడి చూడటం. అలా నేర్చుకున్నవారు హోటల్లో కమీగా, అంటే అడుగుమెట్టు వంటసహాయకుడిగా చేరి, మొదటి జీతం అందకముందే మానేస్తున్నారు. వంట రాక కాదు. వేగం, పరిమాణం, పొయ్యి సెగ, నిలబడి చేసే పది గంటల పని, వీటిలో ఏదీ వారికి ముందుగా పరిచయం కాకపోవడం వల్ల.

వాషింగ్టన్‌లో 1989లో మొదలైన డీసీ సెంట్రల్ కిచెన్ ఈ చిక్కును సూటిగా తేల్చింది. నిరాశ్రయులకు, బడిపిల్లలకు భోజనం వెళ్లే వంటశాలలోనే, జైలునుంచి వచ్చినవారికీ వ్యసనాలనుంచి బయటపడుతున్నవారికీ పని నేర్పుతారు. బ్రిటన్‌లో క్లింక్ సంస్థ 2009లో హైడౌన్ జైలు లోపలే ఖైదీలు వండి వడ్డించే రెస్టారెంటు తెరిచింది. అలాంటి వంటశాలలు మనకు కొత్తగా కట్టనక్కర్లేదు. తెలంగాణలో 2024లో మొదలైన మహిళా శక్తి క్యాంటీన్లు, ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు, సంక్షేమ వసతి గృహాలు, కేంద్ర కారాగారాల వంటశాలలు ఉండనే ఉన్నాయి. వాటిలో రోజూ కొందరికి నేర్పే చోటు కేటాయించాలన్నదే మా విన్నపం.

అక్కడ ఏం నేర్పాలో కూడా చెప్పాలి, ఎందుకంటే ‘పనిలో పెడితే అదే వస్తుంది’ అనుకుంటే శిక్షణార్థి మూడు నెలలూ గిన్నెలు తోముతూనే ఉంటాడు. మా లెక్కలో 12 వారాలు కావాలి. మొదటి రెండు వారాలు పొయ్యి దగ్గరికి పంపకూడదు. కత్తి పట్టు, కోత, శుభ్రత మాత్రమే. కటింగ్ బోర్డు కింద తడిగుడ్డ వేయాలి, లేకపోతే బోర్డు జారి చెయ్యి తెగుతుంది. మొద్దు కత్తికి ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది కాబట్టి అదే ఎక్కువ గాయాలు చేస్తుంది. పచ్చిమాంసానికి ఎర్ర బోర్డు, కూరగాయలకు ఆకుపచ్చ. ముక్కలన్నీ ఒకే సైజులో ఎందుకుండాలో చెప్పడం కన్నా, హెచ్చుతగ్గులుగా తరిగిన బంగాళాదుంపలను వేయించి చూపిస్తే చాలు. చిన్నవి మాడతాయి, పెద్దవి లోపల పచ్చిగా ఉంటాయి.

మూడో వారంనుంచి తూకం. ఇంట్లో బాగా వండేవారు కూడా తడబడేది ఇక్కడే, కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. నలుగురి కొలతను 25తో గుణిస్తే వందమంది వంట కాదు. వందమంది పెద్దవాళ్లకు మనిషికి 150 గ్రాముల చొప్పున 15 కిలోల బియ్యం, 3 కిలోల కందిపప్పు దాకా పడతాయి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లన్న ఇంటిలెక్కను డేగిసాలో వాడితే అన్నం ముద్దవుతుంది. పాత్ర లోతు పెరిగినంతగా ఆవిరి పోయే మూతి పెరగదు. అందుకే నీళ్లు తగ్గించాలి, లేదా ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చాలి. ఉప్పు, వండిన బరువులో ఒక శాతంతో మొదలుపెట్టాలి. అంటే వండాక 15 కిలోలు తూగే పప్పుకు 150 గ్రాములు. తగ్గితే కలుపుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం. కారం, మసాలా దినుసులు లెక్కకు వచ్చినదానిలో ముప్పావు వంతు వేసి రుచి చూడటం క్షేమం.

వేపుడు సంగతీ అంతే. ఐదు కిలోల ఉల్లి తరుగు ఒక్కసారిగా నూనెలో పోస్తే నూనె వేడి పడిపోయి, ఉల్లి వేగకుండా తన నీటిలోనే ఉడుకుతుంది. కూరకు రంగు రాదు. వెడల్పాటి కడాయిలో విడతలుగా వేయాలి. పెద్ద తాలింపులో మంట ఆపాక కూడా నూనె వేడికి వెల్లుల్లి మాడుతూనే ఉంటుంది. అది లేత రంగులో ఉండగానే పప్పులోకి ఒంపేయాలి. కరివేపాకు తడి ఆరకుండా వేస్తే నూనె ముఖం మీదికి చిమ్ముతుంది.

అన్నం మిగిలితే ఏం చేయాలన్నది ప్రాణాలకు సంబంధించిన పాఠం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వడ్డించే అన్నం 60 డిగ్రీల పైన ఉండాలి. దాచాలంటే 60నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడినుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దిగాలి. డేగిసాను అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడిమి భాగం తెల్లారినా చల్లారదు. రెండంగుళాల మందాన పళ్లేల్లో పరచాలి. దీనికి కావలసింది ఒక థర్మామీటరు, ఉష్ణోగ్రత రాసుకునే ఒక పుస్తకం. మనం చూసిన చాలా వంటశాలల్లో ఈ రెండూ ఉండవు.

గ్యాస్ గురించి ఒక్క మాట. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్ ముట్టకుండా సిలిండర్ వాల్వు మూసి తలుపులు తెరవాలి. నూనె మంటుకుంటే మూత పెట్టాలి, నీళ్లు పోయకూడదు.

ఇక మనుషుల సంగతి. వినికిడి లేని శిక్షణార్థికి వెలిగి ఆరే దీపమున్న టైమరు, మూలమలుపుల్లో అద్దం, ‘వేడి’, ‘వెనక ఉన్నాను’ అనడానికి అందరూ నేర్చుకున్న సైగలు ఉంటే చాలు. కత్తి చేతిలో ఉండగా వెనకనుంచి భుజం తట్టకూడదని మిగతావారికి నేర్పాలి. చదవలేనివారికి బొమ్మల వంటకార్డులు, గుర్తు గీసిన గరిటెలు. అంకెలు చాలామందికి వస్తాయి కాబట్టి కాటా చూడటం కష్టం కాదు.

మహిళలు మానేయడానికి పెద్ద కారణం బ్రేక్ షిఫ్టు. పొద్దున పదకొండునుంచి మూడు, మళ్లీ సాయంత్రం ఏడునుంచి రాత్రి పదకొండు. మధ్యలో ఇంటికి వెళ్లిరాలేరు, రాత్రి బస్సు ఉండదు. వారిని ముందుగా ఆసుపత్రి, బడి, ఆఫీసు క్యాంటీన్లలో ఉదయం ఆరునుంచి మూడు దాకా ఉండే ఒకే షిఫ్టులో పెట్టాలి. జైలునుంచి వచ్చినవారి విషయం యజమానికి ముందే, వారి అనుమతితో, చెప్పాలి. పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడితే ఆ రోజే పంపేస్తారు. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో శిక్ష ముగించుకున్నవారు పనిచేస్తూనే ఉన్నారు. వంటశాలల్లోనూ అలా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

చిన్నవిగా కనిపించే ఖర్చులే చివరికి అడ్డుపడతాయి. ఆహార భద్రత నిబంధనల ప్రకారం వంటపనివారికి ఏటా వైద్యపరీక్ష, టైఫాయిడ్ వంటివాటికి టీకా తప్పనిసరి. జారని బూట్లు కొనాలి. మొదటి జీతం నెలాఖరుదాకా రాదు. వీటిని శిక్షణ బడ్జెట్‌లోనే పెట్టి, మొదటి నెల వారం వారం అడ్వాన్సు ఇప్పించాలి. చురుకైనవారిని ఆహార భద్రతపై కేంద్ర ఆహార భద్రతా సంస్థ నడిపే ఫోస్టాక్ శిక్షణకు పంపాలి. ప్రతి 25 మందికి ఆ శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరు ఉండాలని నియమం ఉంది కాబట్టి అది జీతం పెంచే అర్హత.

అధికారులు లెక్క తీసే తీరు కూడా మారాలి. చేరిన రోజున తీసిన ఫొటో కాక, ఆరో నెలలో ఎవరు పనిలో ఉన్నారు, మానేసినవారు ఎందుకు మానేశారు అన్నది రాయాలి. షిఫ్టు, బస్సు, జీతం ఆలస్యం, గాయం, అవమానం, కారణం ఏదైనా సరే నమోదు కావాలి. మాస్టరు కొట్టడం, బూతులు తిట్టడం వల్ల మానేసినట్టు తేలితే ఆ వంటశాలకు మరో శిక్షణార్థిని పంపకూడదు.

జిల్లాకు ఒక వంటశాలతో మొదలుపెట్టవచ్చు. ఆరుగురు శిక్షణార్థులు, నేర్పడానికే జీతం తీసుకునే ఒక మాస్టరు, ఒక కాటా, రెండు థర్మామీటర్లు.

ఇట్లు,
సామూహిక వంటశాలల్లో శిక్షణ ఇచ్చే కొందరు వంట మాస్టర్లు,
హైదరాబాద్