కలెక్టర్ గారికి: సంజీవయ్య గురించి పింఛన్ల రోజున ఒక మాట

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి, నమస్కారం.

నెల మొదట్లో మా ఊళ్లో పింఛన్ల సందడి. మొన్న మా పక్కింటి అవ్వను అడిగాను, "ఈ పింఛను మొదట ఎవరిచ్చారో తెలుసా అవ్వా?" అని. ఆమె చెప్పిన పేరు ఇక్కడ రాయను, ఎందుకొచ్చిన గొడవ! దామోదరం సంజీవయ్య అని మాత్రం కాదు.

1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టింది ఆయనే. మన కర్నూలు పక్కనున్న పెద్దపాడులో 1921లో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయారు. కష్టపడి లా చదివారు, మద్రాసు రాష్ట్రంలో రాజాజీ దగ్గర మంత్రిగా చేశారు. 38 ఏళ్లకే ముఖ్యమంత్రి. దేశంలో ఆ పదవి ఎక్కిన తొలి దళితుడు. తర్వాత కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడు, కేంద్ర మంత్రి. 1972లో, 51 ఏళ్లకే పోయారు.

ముఖ్యమంత్రిగా ఆయనకు దక్కింది రెండేళ్ల పైచిలుకు మాత్రమే. వర్గ రాజకీయాలు నడిచిన ఆ రోజుల్లో సొంత బలగం లేని మనిషికి అదే ఎక్కువని నా అభిప్రాయం. ఆ కొద్ది కాలంలోనే లంచగొండులను పట్టే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) పెట్టారు.

విశాఖలో లా యూనివర్సిటీకి, హైదరాబాద్‌లో పార్కుకు ఆయన పేరుంది. సంతోషం. నేనడిగేది చిన్నది: జిల్లాలో పింఛను పంచే ప్రతి సచివాలయంలో ఆయన ఫొటో, కింద నాలుగు వాక్యాలు, పెద్ద అక్షరాల్లో. అవ్వలకు చదువు రాకపోతే మనవళ్లు చదివి వినిపిస్తారు.

ఇట్లు,
కర్నూలు జిల్లా వాసి