నొప్పి పోయిందని క్యాప్ మానుకోవద్దు

నెల్లూరు,
ఆదివారం

పాపా,

నిన్న ఫోన్లో "రూట్ కెనాల్ అయిపోయింది నాయనా, నొప్పి లేదు, క్యాప్ సంగతి పండగ తర్వాత చూద్దాంలే" అన్నావు. నేను నోరు తెరిచేలోపే ఆఫీసు కాల్ అని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

లోపలి నరం తీసేశారు కాబట్టి నొప్పి తెలియదు, అంతే. పుచ్చు తీసి, వేర్ల దాకా తొలిచాక ఆ పన్నుకు మిగిలేది పక్క గోడలే. అవి చీలకుండా పైనుంచి పట్టి ఉంచే తొడుగే క్యాప్. మీ మేనత్త కూడా ఇలాగే వాయిదాలు వేసింది. ఒకరోజు పిండివంట చెక్క కొరికితే దవడపన్ను నిలువునా వేరుదాకా చీలింది. అలా చీలితే ఇక పీకించుకోవడమే. రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బు కూడా దాంతోపాటే పోయింది.

భయపడేదేం లేదు. నరం లేకపోయినా చిగురుకు తెలుస్తుంది కాబట్టి మత్తు సూది వేస్తారు. తొడుగుకు చోటు కావాలి కదా, పన్నును చుట్టూ, పైనా ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీస్తారు. ఆ మిషన్ గుయ్యిమనే చప్పుడే చిరాకు. తర్వాత కొలత. కొన్నిచోట్ల కెమెరాతో తీస్తున్నారు, నాకు మాత్రం ముద్ద నింపిన ట్రే పెట్టారు. వాంతి వచ్చేట్టుంటే తల కాస్త ముందుకు వంచి ముక్కుతో గాలి పీల్చు. మత్తు దిగేదాకా ఏమీ తినకు, బుగ్గ కొరుక్కుంటావు.

ల్యాబ్ నుంచి క్యాప్ రావడానికి వారం అటూ ఇటూ పడుతుంది. అందాకా తాత్కాలిక క్యాప్ పెడితే అమ్మ పంపిన పాకం ఉండల జోలికి పోవద్దు, ఊడొస్తుంది.

అసలు జాగ్రత్త క్యాప్ పెట్టే రోజున. నీలం కాగితం కొరకమంటారు. ఎత్తుగా ఉన్నచోట మచ్చ పడుతుంది, అక్కడ అరగదీస్తారు. మొహమాటానికి "బాగానే ఉంది సార్" అనేసి లేవకు. వెంట్రుకంత తేడా ఉన్నా నమిలినప్పుడల్లా ఆ పన్నే ముందు తగిలి నొప్పెడుతుంది. ఇంటికొచ్చాక తెలిసినా సరే, మళ్ళీ వెళ్ళి సరిచేయించుకో.

ఏ రకం అంటావా? లోహం గట్టిదే గానీ నవ్వితే కనిపిస్తుంది. లోహం మీద పింగాణీ వేసినదానికి కొన్నేళ్ళకు చిగురు దగ్గర నల్లగీత కనిపించొచ్చు. జిర్కోనియా అంటే పంటి రంగులో ఉండే గట్టి సిరామిక్, ఖరీదు ఎక్కువ, అయినా నన్నడిగితే అదే వేయించుకో. వారంటీ కార్డు ఇస్తే పారేయకు.

క్యాప్ పుచ్చదు, దాని అంచు కింద పన్ను పుచ్చుతుంది. అక్కడ బాగా తోముకుంటే పది పదిహేనేళ్ళు ఢోకా ఉండదు. ఎప్పుడైనా ఊడితే ఫెవిక్విక్‌తో అతికించే తెలివి చూపించకు, డబ్బాలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పో.

చెన్నైలో కుదరకపోతే శుక్రవారం పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. అక్కడే చేయించుకుంటే బిల్లు ఎంతయిందో చెప్పు, డబ్బులు వేస్తాను.

మీ నాయన