సెగీ కార్డు ఇచ్చిన పెద్దాయనకు

సియాటెల్ దగ్గర, ఆటగాళ్ల బొమ్మల కార్డులు అమ్మే కార్డ్ షోలో నాకు పాత బేస్‌బాల్ ఆటగాడు డియేగో సెగీ కార్డు ఇచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనా, మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

సియాటెల్ బేస్‌బాల్ జట్టు మారినర్స్ అభిమానులు ఎక్కువగా కెన్ గ్రిఫీ జూనియర్, ఇచిరో లాంటి పెద్ద స్టార్ల కార్డులే అడుగుతారు. నాకు మిగతావాళ్లు కావాలి. 1978లో 59 బేస్‌లు స్టీల్ చేసిన (పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరిన) హూలియో క్రూజ్, ఎక్కువగా బెంచ్ మీదే ఉన్న డొమింగో రామోస్ లాంటివాళ్లు. ఈ కార్డులకు పెద్ద ధర పలకదు, అందుకే అమ్మేవాళ్లు వాటిని షోకి మోసుకురారు.

సెగీ సంగతి మరీ ప్రత్యేకం. 1969లో ఒక్క సీజనే ఆడిన సియాటెల్ పైలట్స్‌కీ, 1977లో మొదలైన మారినర్స్‌కీ ఆడింది ఆయనొక్కరే. మారినర్స్ మొట్టమొదటి మ్యాచ్‌లో తొలి బంతి వేసిందీ ఆయనే. ఆ ఏడాది పిచర్‌గా (బంతి వేసే ఆటగాడిగా) ఆయన ఖాతాలో ఒక్క గెలుపూ లేదు, ఏడు ఓటములు. అయినా నాకు ఆయనంటే ఎంతో గౌరవం. టాప్స్ అనే కార్డుల కంపెనీ 1970లో వేసిన కార్డు మీద ఆయన ఇంకా పైలట్స్ ఆటగాడే. నిజానికి అప్పటికే ఓక్లండ్‌కు మారిపోయారు, పైలట్స్ జట్టేమో మిల్వాకీకి వెళ్లి బ్రూవర్స్ అయింది.

నేను పక్క టేబుల్ దగ్గర అడుగుతుంటే విని, మీ సంచిలోంచి ఆ కార్డు తీసి ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు. సియాటెల్‌లోని కింగ్‌డోమ్ స్టేడియంలో ఏంజెల్స్ జట్టు చేతిలో మారినర్స్ 7-0తో ఓడిన ఆ తొలి రాత్రి గురించి ఎంత ఇష్టంగా చెప్పారో!

మీ మనవడికి మారినర్స్ పాత ఆటగాడు బాబ్ కర్నీ కార్డు కావాలన్నారుగా, నా దగ్గర అదనంగా ఒకటుంది. తీసిపెట్టాను. వచ్చే షోలో కనిపిస్తే తప్పకుండా పలకరించండి సర్.