హార్మోన్ బిళ్లలకు ఇకపై చీటీ తప్పనిసరి

మా మందుల షాపుకు వచ్చే అమ్మలకూ అక్కలకూ ఒక మాట. ముట్లు ఆగిపోయే వయసులో వాడే హార్మోన్ బిళ్లలను పాత స్ట్రిప్ చూపించి అడిగితే ఇకపై ఇవ్వం. డాక్టరు రాసిన చీటీ ఉండాలి, అదీ మీ పేరు మీదే. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. బేరం పోయినా సరే, ఈ పట్టింపు వదలం.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో చాలామంది. వాళ్లకు మామూలుగా ఈస్ట్రడయాల్ (ఇది ఈస్ట్రోజెన్ హార్మోన్) ఒక్కటే రాస్తారు, 1 లేదా 2 మి.గ్రా. ఆ స్ట్రిప్ చూసి గర్భసంచి ఉన్న చెల్లెలో వదినో అదే కొనుక్కుంటే ప్రమాదం. ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది, దాన్ని అదుపులో పెట్టేది ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్. అది లేకుండా నెలల తరబడి వాడితే ఆ పొరకు క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే గర్భసంచి ఉన్నవాళ్లకు రెండూ రాస్తారు: ప్రొజెస్టరాన్ రోజూ 100 మి.గ్రా., లేదా నెలలో 12 నుంచి 14 రోజులు 200 మి.గ్రా. ఖరీదనో, మత్తుగా ఉంటోందనో మానేసేది దీన్నే. మత్తు నిజమే, రాత్రి పడుకునేముందు వేసుకోమనేది అందుకే. డబ్బు సరిపోకపోతే రెండూ పది రోజులకు కట్ చేసి ఇస్తాం. రెండు రాసిన చీటీకి ఒక్కటే మాత్రం ఇవ్వం.

కాళ్లలో రక్తం గడ్డకట్టినా, రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు వచ్చినా, లివర్ జబ్బున్నా డాక్టరుకు ముందే చెప్పండి. బిళ్ల మింగితే గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది, చర్మానికి రాసే జెల్‌తో తక్కువ. జెల్‌ను చేతులకో తొడలకో రాయాలి, రొమ్ములకు వద్దు. ఆరేదాకా బట్ట తగలనివ్వకండి, పిల్లల్ని ఆ చోట తాకనివ్వకండి.

పూజలకూ పెళ్లిళ్లకూ నెలసరి వాయిదా వేసే నోరెథిస్టరాన్‌కూ చీటీ కావాలి. 5 మి.గ్రా. బిళ్ల రోజుకు మూడుసార్లు, నెలసరికి 3 రోజుల ముందే మొదలుపెట్టమంటారు. ముందురోజు వేసుకుంటే ఆగుతుందన్న నమ్మకం లేదు. ఇందులో కొంత ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది కాబట్టి, రక్తం గడ్డకట్టినవాళ్లు దీన్ని అడగనే అడగొద్దు.

ముట్లు ఆగే వయసు హార్మోన్లు మొదలుపెట్టిన మొదటి నెలల్లో కొద్దిగా రక్తం మరకలు కనబడవచ్చు. ఆరు నెలలు దాటినా ఆగకపోతే, లేదా ఎక్కువగా అవుతుంటే స్కాన్ చేయించుకోవాలి. ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చీటీలో రాసినన్నాళ్లకే మందు ఇస్తాం. అది అయ్యాక బీపీ, రొమ్ములు చూపించుకుని కొత్త చీటీ తెండి.