సహాయ లేఖను చదవడం హైస్కూల్లోనే నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కాలేజీ ఆర్థిక సహాయానికి వేసే ఫాఫ్సా దరఖాస్తు మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. దాన్ని నింపడంలో సాయపడేందుకు చాలా హైస్కూళ్లు సాయంత్రం వేళ సమావేశాలు పెడుతున్నాయి, సంతోషమే. అయితే ఆ సాయం ఫారంతోనే ఆగిపోతోంది. వసంతంలో కాలేజీల నుంచి, ఎంత సాయం దొరుకుతుందో చెప్పే సహాయ లేఖలు వచ్చినప్పుడు, అందులో తిరిగి ఇవ్వనక్కర్లేని డబ్బు ఎంతో, వడ్డీతో తీర్చాల్సిన అప్పు ఎంతో విడదీసి చూపేవారు పిల్లలకు దొరకడం లేదు.

మా అమ్మాయికి వచ్చిన ఒక లేఖలో స్కాలర్‌షిప్, వర్క్‌స్టడీ, ఫెడరల్ లోన్ ఒకే జాబితాలో ఉన్నాయి, అడుగున వాటన్నిటినీ కలిపిన మొత్తం ఉంది. అదంతా కాలేజీ ఇస్తున్నదే అనుకుని సంబరపడ్డాం. వర్క్‌స్టడీ సొమ్ము పని చేస్తేనే వచ్చే జీతమని, లోన్ మా అమ్మాయి పేరు మీద పడే అప్పని కొన్ని రోజులకు గాని గ్రహించలేదు. ఇది ఏ ఒక్క ఇంటి పొరపాటో కాదు. విద్యార్థి నిజంగా భరించాల్సిన నికర ఖర్చును 91 శాతం కాలేజీలు తమ లేఖల్లో అసలు చెప్పడం లేదని, లేదా తక్కువ చేసి చూపుతున్నాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2022లో అంచనా వేసింది.

కాబట్టి లెక్కల తరగతిలో నాలుగు రోజులు దీనికి కేటాయించాలని నా విన్నపం. ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణం కలిపిన ఖర్చులోంచి తిరిగి ఇవ్వనక్కర్లేని గ్రాంట్లను, స్కాలర్‌షిప్‌లను మాత్రమే తీసివేసి, మిగిలినదాన్ని రెండు మూడు కాలేజీలకు పక్కపక్కన వేసి చూడటం పదహారేళ్ల పిల్లలు చేయగలిగిన పనే. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది దొరికే ఫెడరల్ లోన్ పరిమితి 5,500 డాలర్లు. అందులో సబ్సిడీ ఉన్నది 3,500 డాలర్లకు మించదు. చదువు సాగినంత కాలం ఆ భాగానికి వడ్డీ పడదు, మిగతాదానికి డబ్బు అందిన నాటి నుంచే పెరుగుతుంది. సంతకం పెట్టబోయేవారికి ఈ తేడా ముందే తెలియాలి.

పన్నెండో తరగతి దాకా ఆగితే ఆలస్యమే అవుతుంది. 2027లో కాలేజీలో చేరే విద్యార్థి ఫాఫ్సాలో లెక్కలోకి తీసుకునేది కుటుంబపు 2025 ఆదాయం, అంటే అప్పటికి ఆ బిడ్డ పదో తరగతి చివర్లోనో పదకొండో తరగతి మొదట్లోనో ఉన్నట్టు.

మన తెలుగు కుటుంబాలకు మరొక మాట. తాము హెచ్1బి వీసా మీద ఉన్నాం కనుక పిల్లలకు ఫెడరల్ సహాయం రాదనుకుని ఆ ఫారం జోలికే పోని తల్లిదండ్రులను నేను చూశాను. అమెరికా పౌరసత్వం ఉన్న బిడ్డకు తల్లిదండ్రుల వీసా అడ్డు కాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి కూడా ఫాఫ్సా కోసం ఆన్‌లైన్ ఖాతా తెరిచి, ఫారంలో తన భాగం నింపవచ్చు. ఈ సమావేశాలు పెట్టే పాఠశాలలు ఆ సంగతిని ఆహ్వాన పత్రంలోనే, వీలైతే తల్లిదండ్రుల భాషలో, అచ్చువేసి పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి